మధ్యాహ్నం బడి పిల్లలు

కసిల్దా టీచరు పాఠం చెబితే రాయికి కూడా లెక్కలొస్తాయని ప్వేబ్లా ఊళ్ళో ఆ పేటంతా చెప్పుకునేవారు. చెప్పుకునేవాళ్ళందరూ పొద్దుటి బడి పిల్లల తల్లిదండ్రులే. మధ్యాహ్నం బడి వాళ్ళను ఎవరూ అడగలేదు, వాళ్ళంతట వాళ్ళూ చెప్పలేదు.

బడి భవనం ఒకటే, బడులు మాత్రం రెండు. గేటు మీద పొద్దుటి బడికి ఒక పేరు, మధ్యాహ్నం బడికి ఇంకో పేరు. గదులు అవే, బల్లలు అవే, విరిగిన కిటికీ కూడా అదే. పొద్దుటి బడిలో సీటంటే జనం కొట్టుకుచచ్చేవారు. పిల్లల్ని చేర్చుకునే రోజున తెల్లారకముందే తల్లులు కంబళ్ళు కప్పుకుని గేటు ముందు వరస కట్టేవారు. వరసలో నిలబడే తీరిక లేని సంత అంగళ్ళవాళ్ళు, ఇటుకబట్టీలవాళ్ళు, ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళు మిగిలినదేదో పుచ్చుకునేవారు. మిగిలేది ఎప్పుడూ మధ్యాహ్నం బడే.

కసిల్దాకి రెండు బడులూ ఉన్నాయి. పొద్దున అయిదో తరగతి, మధ్యాహ్నం మళ్ళీ అయిదో తరగతి. ఆ ఊళ్ళో సగం మంది టీచర్లు అలాగే బతుకుతారు, ఒక్క ఉద్యోగంతో ఇల్లు గడవదు గనక. ఇంట్లో ఆమె, మొగుడు పోయిన అక్క రెమెదియోస్, అక్కగారి మోకాళ్ళ నొప్పులు. పెళ్ళి చేసుకోలేదేమని ఎవరైనా అడిగితే, "పొద్దున టైము లేదు, మధ్యాహ్నం ఓపిక లేదు" అనేది. నవ్వుకోవడానికి బాగానే ఉండేది ఆ మాట, కానీ అందులో నిజం కూడా ఉంది.

పొద్దున ఆమెను చూసితీరాలి. ఇస్త్రీ చేసిన గౌను, బిగించి కట్టిన ముడి, చేతిలో సుద్దముక్క. అరిగిపోయిన గొంతుతో కాదు, గుడి గంట మోగినట్టు చెప్పేది. బల్లల మధ్య తిరిగేది, వెనక బెంచీ వాడిని లేపేది, తప్పు చెప్పినవాడితోనే ఒప్పు చెప్పించేది. గంట కొట్టేసరికి బోర్డు నిండిపోయేది. అప్పుడు పిల్లలతో, "బోర్డు తుడవకండర్రా, అలాగే ఉండనివ్వండి" అనేది.

ఆ నిండు బోర్డే మధ్యాహ్నం పిల్లల పాఠం. ఇంటికి పరిగెత్తి, నిలబడే రెండు ముద్దలు మింగి, ఎండలో మళ్ళీ బడికొచ్చేసరికి ఆమెలో ఏమీ మిగిలేది కాదు. "రాసుకోండి. మాటలొద్దు" అని కుర్చీలో కూలబడి, బల్ల కింద చెప్పులు వదిలేసి, వాచిన పాదాలు ఒకదానితో ఒకటి రుద్దుకునేది. పిల్లలు రాసుకునేవారు. ఆ లెక్క ఎక్కడ మొదలైందో, ఎందుకలా తేలిందో వాళ్ళకి తెలియదు. జవాబులు కూడా బోర్డు మీదే ఉండేవి కాబట్టి అడగాల్సిన పనీ ఉండేది కాదు. కావాలని చేసిందా అంటే, చేయలేదు పాపం. మొదట ఒక రోజు ఒంట్లో బాగాలేక అలా చేసింది, తరవాత అదే అలవాటైపోయింది.

అలవాటుకి ఆమె ఒక సిద్ధాంతం కూడా కట్టింది. ఏటా మధ్యాహ్నం బడి మొదటి సమావేశంలో తల్లిదండ్రులకు అదే చెప్పేది. "చదువనేది పొద్దుటి సొమ్మండీ. తిన్నాక నెత్తురంతా పొట్టలోకి దిగిపోతుంది. ఇక బుర్రకేం మిగుల్తుంది? మీ పిల్లలకి ఎక్కకపోతే నన్నేమీ అనకండి." వాళ్ళు తలలూపేవారు. చదువుకున్న మనిషి చెబుతోంది కదా. ఆడలేక మద్దెల ఓడన్నదంటే ఇదే, అయితే ఆమెకు మాత్రం మద్దెలే ఓడని గట్టి నమ్మకం.

ఆ ఏడు కొత్త పర్యవేక్షకుడు వచ్చాడు, బల్తసార్ అని, కుర్రవాడు, మంచివాడు. మంచివాళ్ళతోనే చిక్కు. రెండు బడుల పిల్లలకూ ఒకే పరీక్ష పెట్టించి, జవాబులు చూసి, కసిల్దా దగ్గరికొచ్చాడు.

"నాకర్థం కావట్లేదు మేడమ్. ఒకే టీచరు, ఒకే పుస్తకం, ఒకే గది. పొద్దుటివాళ్ళకి అంత బాగా వచ్చింది, మధ్యాహ్నంవాళ్ళకి ఒక్క ముక్క రాలేదు. ఎందుకంటారు?"

అతను ఉత్తినే అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆమె గబగబా అందుకుంది. "టైమండీ. టైము మంచిది కాదు. పాపం వాళ్ళేం చేస్తారు, నేను మటుకు ఏం చేస్తాను? గొంతు చించుకుంటున్నాను."

గొంతు చించుకుంటున్నానన్న మాట ఆమె నోట్లోంచి ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. వచ్చాక వెనక్కి తీసుకోలేదు.

బల్తసార్ ఆలోచనలో పడ్డాడు. "అంటే తప్పు పిల్లలదీ కాదు, మీదీ కాదు. టైముది."

"అంతే సార్."

"అలాంటప్పుడు ఆ పాడు టైము మనకెందుకు? మధ్యాహ్నం బడి తీసేద్దాం. అందర్నీ పొద్దుటికి తెద్దాం, ఇంకాసిని బల్లలు వేయిస్తాను. మీ రెండో ఉద్యోగానికేం ఢోకా లేదు, దగ్గర్లో ఇంకో బడికి మారుస్తాం. వచ్చే శుక్రవారం పెద్దవాళ్ళని పిలుస్తా. మీరే చెప్పండి మేడమ్, మీ మాటంటే వాళ్ళకి గురి."

ఆమె సరేనంది. ఇంటికెళ్ళే దారిలో, ఇది పిల్లలకు మంచిదే కదా అని తనకు తాను చెప్పుకుంది. చాలామందికి మంచిదే. కొందరికి కాదు. ఆ కొందరి పేర్లూ ఆమెకు తెలుసు.

అందులో మొదటి పేరు సెనాయిదా. తల్లి క్రిస్పీనా సంతలో మొక్కజొన్న రొట్టెలు తూకానికి అమ్ముతుంది. కోడి కూసినప్పటి నుంచి కూతురు పిండి ముద్దలు చేసి నొక్కుతుంటే, తల్లి పెనం మీద కాలుస్తుంది. ఆ సంపాదనంతా మధ్యాహ్నం లోపలే. ఒంటిచేత్తో ఆ అంగడి నడవదు. పొద్దుటి బడి అంటే సెనాయిదాకి ఇక బడి లేనట్టే. ఆ పిల్ల మాట్లాడేది తక్కువ. చేతులకి పిండి అంటుకునే వచ్చేది, ముత్యాల్లాంటి అక్షరాలతో బోర్డంతా దించుకునేది, ఏమడిగినా తల వంచుకునేది.

సమావేశం ఇంకా కొన్ని రోజులుందనగా ఒక పొద్దున బడి తొట్టెలో నీళ్ళు అయిపోయాయి. పాయిఖానాల్లో చుక్క లేదు. పెద్ద పంతులమ్మ పొద్దుటి పిల్లలందర్నీ ఇళ్ళకు పంపేసింది. మధ్యాహ్నానికి నీళ్ళ లారీ వచ్చింది, మధ్యాహ్నం బడి మామూలుగానే ఉంటుందని కబురొచ్చింది.

కసిల్దా ఆ పొద్దున హాయిగా పడుకుంది. లేచి తలంటుకుంది. రెమెదియోస్ కోడి పులుసు కాచి, వేడి రొట్టెలు గుడ్డలో చుట్టి పెట్టింది. చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంటే అక్క వింతగా చూసింది.

"ఏమే, కూర్చుని తింటున్నావు? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నానక్కా."

"అయితే నాకే బాలేదు. కళ్ళు సరిగ్గా కనబడట్లేదు" అంది రెమెదియోస్, ఇంకో గరిటె పులుసు వడ్డిస్తూ.

కసిల్దా నెమ్మదిగా నడిచి బడికెళ్ళింది. తరగతిలో పిల్లలు పుస్తకాలు తెరిచి, పెన్సిళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. బోర్డు మాత్రం బోసిగా ఉంది. ఆమెకు ఒక్క క్షణం ఏం చేయాలో తోచలేదు.

"టీచర్, ఏం రాసుకోవాలి?" అన్నాడు ముందు బెంచీలో రుతీలియో. వాళ్ళ నాన్న ఇటుకలు కోస్తాడు.

"ఏమీ రాసుకోవద్దు. పుస్తకాలు మూసెయ్యండి" అంది కసిల్దా.

భిన్నాలు మొదలుపెట్టింది. ఒంట్లో సత్తువ ఉంది, గొంతులో తడి ఉంది, అందుకే కాళ్ళు వాటంతటవే బల్లల మధ్యకు నడిచాయి. సెనాయిదా దగ్గర ఆగింది. "మీ అమ్మ దగ్గరికి ఒకాయన వచ్చి ముప్పావు కిలో రొట్టెలు కొన్నాడు. ఇంటికెళ్ళి, ఇన్నెందుకని పెళ్ళాం కేకలేస్తే అరకిలో వెనక్కి తెచ్చిచ్చాడు. ఆయన దగ్గర ఎంత మిగిలింది?"

సెనాయిదా తల వంచుకునే, "పావు" అంది. ఆగి, "కానీ టీచర్, అమ్మిన రొట్టె మేం వెనక్కి తీసుకోం. వాళ్ళావిడ తిట్టినా సరే" అంది.

తరగతి పగలబడి నవ్వింది. టీచరు కూడా నవ్వింది. ఇక చూడండి, ఒకడు ఇటుకల వరసల్లో మూడో వంతు చెప్పాడు, ఒకతి పాలక్యానులో అయిదో వంతు చెప్పింది. రుతీలియో బోర్డు దగ్గరికి తనే లేచొచ్చి తప్పు చేసి, తుడిచి, మళ్ళీ చేసి ఒప్పు తేల్చాడు. పొద్దుటి పిల్లలకు వారం పట్టిన పాఠం వీళ్ళకు ఆ ఒక్క పూటలో వచ్చేసింది. బయట ఎండ మండిపోతోంది, పిల్లలందరూ అన్నాల వేళ దాటాకే వచ్చారు, అయినా ఒక్కరూ ఆవలించలేదు.

గంట కొట్టాక రుతీలియో సంచీ తగిలించుకుంటూ అడిగాడు. "టీచర్, ఇవాళ మీ పుట్టినరోజా?"

"కాదురా. ఏం?"

"ఏం లేదు. నవ్వుతున్నారు కదా అని."

వాడు వెళ్ళిపోయాడు. కసిల్దా ఆ కుర్చీలోనే ఉండిపోయింది. ఏడాదంతా తన ఎదురుగా కూర్చున్న పిల్లాడు, తాను నవ్వితే పుట్టినరోజేమో అనుకున్నాడు. ఎండ రోజూ ఉండే ఎండే, పిల్లలు రోజూ వచ్చే పిల్లలే. ఆ రోజు మారినది ఒక్క టీచరే. ఎటునుంచి చూసుకున్నా ఆ సంగతి తప్పించుకోవడానికి ఆమెకు దారి దొరకలేదు.

మర్నాడు పట్టుదలగా బోర్డు తుడిపించి, మధ్యాహ్నం కూడా అలాగే చెప్పాలని నిలబడింది. కాసేపటికే గొంతు ఎండిపోయింది, కాళ్ళు లాగాయి, సెనాయిదా ఏదో అడగబోతే "కూర్చో" అని కసిరింది. సెనాయిదా కూర్చుంది. కసిరినందుకు ఏమాత్రం ఆశ్చర్యపోకుండా కూర్చోవడం చూసి కసిల్దాకి ఇంకా సిగ్గేసింది.

ఆ రాత్రుళ్ళు నిద్ర సరిగ్గా పట్టలేదు. బల్తసార్‌కి చెప్పేద్దామనుకునేది, అంతలోనే వెనక్కి తగ్గేది. ఏమని చెప్పాలి? ఇన్నేళ్ళూ వాళ్ళకి పాఠమే చెప్పలేదని చెప్పాలా? చెప్పకపోతే ఏం, శుక్రవారం గడిచిపోతుంది, పిల్లలు పొద్దుటికి వస్తారు, రానివాళ్ళు రారు. చెప్పుకుంటే సిగ్గుచేటు, మింగుదామంటే మింగుడుపడదు.

గురువారం పొద్దుటి బడి కాగానే సంతకెళ్ళింది. క్రిస్పీనాతో రెండు మాటలు మాట్లాడితే గుండె తేలికపడుతుందనుకుంది. ఏం మాట్లాడాలో మాత్రం అనుకోలేదు.

క్రిస్పీనా పెనం ముందు కూర్చుని చివరి రొట్టెలు తిప్పుతోంది. టీచర్ని చూడగానే లేచి, ఎత్తుపీట తుడిచి వేసింది.

"కూర్చోండి టీచరమ్మా. సెనాయిదా ఇప్పుడే బయల్దేరింది, కాళ్ళు కడుక్కుని బడికొస్తుంది. ఏమైనా అల్లరి చేసిందా?"

"లేదు క్రిస్పీనమ్మా. మంచి పిల్ల."

"మంచిదే, కానీ మొద్దు. నాకు తెలుసు. మీరేం మొహమాటపడకండి." క్రిస్పీనా మళ్ళీ పెనం ముందు కూర్చుంది. "రేపు బడి తీసేస్తారంట కదా. ఏం చేస్తాం, దాని రాతంతే. మీరు మటుకు మా కోసం ఎంత కష్టపడ్డారు. నా వంతు నేనూ చేశాను టీచరమ్మా, మీరు చెప్పినట్టే చేశాను. అయినా దాని బుర్రకెక్కలేదు."

"నేను చెప్పినట్టా? ఏం చేశారు?"

"అదే, తింటే నెత్తురు పొట్టలోకి పోతుందన్నారు కదా మొదటి రోజు. అప్పట్నుంచి మధ్యాహ్నం దానికి తిండి పెట్టడం మానేశాను. పొద్దున ఇంత గంజి తాగుతుంది, మళ్ళీ బడి నుంచి వచ్చాకే తినడం. మొదట్లో ఏడ్చేది. చదువు కావాలంటే ఓర్చుకోవాలే అని చెప్పాను. ఇప్పుడు అడగదు కూడా."

కసిల్దా ఎదురుగా బుట్ట నిండా వేడి రొట్టెలున్నాయి. ఆ రొట్టెలు నొక్కిన పిల్ల వాటిని ముట్టుకోకుండా రోజూ ఎండలో నడిచొచ్చి, తన ముందు ఖాళీ కడుపుతో కూర్చుని, తాను పొద్దుటి పిల్లలకు చెప్పిన పాఠాన్ని దించుకుని వెళ్ళింది.

"పెట్టండి. తిండి పెట్టండి దానికి. ఇవాళే పెట్టండి" అంది ఎలాగో.

క్రిస్పీనా అయోమయంగా చూసింది. "పెట్టమంటారా? మీరేగా వద్దన్నది."

"తప్పు చెప్పాను."

"సరే మరి. మీరు మానమంటే మానాను, పెట్టమంటే పెడతాను. మాకేం తెలుసు" అంది క్రిస్పీనా, అప్పటికప్పుడే రెండు రొట్టెల్లో చిక్కుడు గింజల ముద్ద పెట్టి చుడుతూ. "ఇది మీరే పట్టుకెళ్ళి దానికివ్వండి, నేను చెబితే నమ్మదు."

ఆ పొట్లం పట్టుకుని కసిల్దా బడికి నడిచింది. సెనాయిదా దాన్ని బడి గోడ పక్కన నిలబడి, టీచరు మనసు మార్చుకుంటుందేమోనని ఒక కన్ను ఇటు వేసి, గబగబా తినేసింది.

శుక్రవారం మధ్యాహ్నం తల్లిదండ్రులు వచ్చి పిల్లల బల్లల్లో ఇరుక్కుని కూర్చున్నారు. బల్తసార్ చక్కగా మాట్లాడాడు. పిల్లలకి ఏ వేళ చదువు బాగా వస్తుందో ఆ వేళే ఇవ్వాలన్నాడు. "నేను చెప్పడం కాదు, ఎన్నో ఏళ్ళుగా చూస్తున్న కసిల్దా మేడమ్ చెబుతారు" అని కూర్చున్నాడు.

ఆమె లేచింది.

"ఈ బడి తీసెయ్యొద్దు. మధ్యాహ్నం టైములో ఏ దోషమూ లేదు. మొన్న నీళ్ళు లేని రోజు పొద్దున నాకు తరగతి లేదు. ఆ మధ్యాహ్నం మీ పిల్లలకి పాఠం చెబితే వెంటనే వచ్చేసింది. మామూలుగా నేను పొద్దున చెప్పేసి, అలిసిపోయి వచ్చి, బోర్డు మీద ఉన్నది రాసుకోమంటాను. మధ్యాహ్నం పనికిరానిది మీ పిల్లలు కాదు, నేను. తిన్నాక చదువు రాదని చెప్పింది కూడా అబద్ధం."

బల్తసార్ ఎర్రబడి, "మేడమ్ చాలా అలిసిపోయి ఉన్నారు, అందుకే..." అన్నాడు.

"అదే సార్ నేను చెబుతున్నది" అంది కసిల్దా.

వెనకనుంచి రుతీలియో వాళ్ళ నాన్న లేచాడు. గొంతు పెంచలేదు. "అంటే టీచరమ్మా, ఇన్నాళ్ళూ మావాడికి ఎంగిలి పెట్టారన్నమాట."

ఆమె అవునంది. ఇంకేమనగలదు?

బడి తీసేయడం లేదని బల్తసార్ చెప్పక తప్పలేదు. మధ్యాహ్నానికి విడిగా ఒక టీచరుండాలని కూడా అక్కడే తేలింది. అప్పుడు కసిల్దా, రాత్రంతా కూడబలుక్కున్న మాట బయటపెట్టింది. "పొద్దుటి బడి నేను వదిలేస్తాను. జీతం సగమైనా పర్లేదు. మధ్యాహ్నం ఒక్కటే చెబుతాను, మీ పిల్లలకే చెబుతాను."

అందరూ మెచ్చుకుంటారని అనుకుందేమో, అనుకున్నా తప్పులేదు. క్రిస్పీనా మాత్రం బల్లలోంచి ఇబ్బందిగా బయటికొచ్చి నిలబడింది. కళ్ళు తుడుచుకుంది, అవి ఏడుపో, పొయ్యి పొగకి రోజూ కారే నీళ్ళేనో తెలియలేదు.

"మీ మీద కోపం లేదు టీచరమ్మా. లేదని అనను, ఉంది. కానీ ఆ కోపంతో అనడం లేదు. మా పిల్లకి కొత్త టీచరే కావాలి. దాన్నింతదాకా మొద్దు అనుకున్నవాళ్ళెవరూ కాకుండా కొత్తగా ఎవరైనా. మీరు పొద్దున్నే ఉండండి. పొద్దున మీరు బాగా చెబుతారంట కదా."

తక్కినవాళ్ళు ఒక్కొక్కరే తలలూపారు. బల్తసార్ నేల చూపులు చూశాడు. కసిల్దా "సరే" అని కూర్చుంది.

కొత్త టీచరు రావడానికి చలికాలం దాకా పట్టింది. అప్పటిదాకా మధ్యాహ్నం తరగతి కసిల్దాదే. నిలబడే చెప్పింది. కొన్ని రోజులు బాగా కుదిరింది, కొన్ని రోజులు గొంతు పోయి కుదరలేదు. సెనాయిదా ముఖంలోకి నెత్తురొచ్చింది, ఎప్పుడైనా చెయ్యెత్తేది కూడా. పెద్దవాళ్ళు సమావేశంలో ఏమనుకున్నారో పిల్లలకు చెప్పలేదు.

ఆఖరి రోజున, రేపటి నుంచి మీకు కొత్త టీచరొస్తారని కసిల్దా చెప్పింది. పిల్లలు ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. గంట కొట్టాక అందరూ వెళ్ళినా సెనాయిదా బల్ల దగ్గరే నిలబడింది.

"టీచర్."

"ఏంటమ్మా?"

"మేం ఏం తప్పు చేశాం?"

"తప్పేంటి?"

"మీరు పొద్దుటివాళ్ళ దగ్గరే ఉంటారంట కదా. మాకు ఇప్పుడిప్పుడే వస్తోంది. ఇంకా బాగా నేర్చుకుంటాం. నేను తినకుండా అయినా వస్తాను."

"మీ తప్పేం లేదే. నీది అసలే లేదు. విన్నావా? తిను. తినే రా." కసిల్దా ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది.

సెనాయిదా తలూపింది, టీచరు ఏం చెప్పినా ఎప్పుడూ ఊపినట్టే ఊపింది. ఆ మాట నమ్మలేదని కసిల్దాకి ఆ ముఖం చూస్తేనే తెలిసింది. నమ్మించడానికి మర్నాడు ఆమె అక్కడ ఉండదు.